చేపల దారి ఆగిపోయే లోతు

సముద్రపు చేపను శుభ్రం చేస్తే చేతులకు పట్టిన నీచు ఒక పట్టాన వదలదు. ఉప్పూ పసుపూ రాసి కడుగుతారు, నిమ్మచెక్కతో రుద్దుకుంటారు, పులుసులో చింతపండు రసం దండిగా పోస్తారు. ఆ వాసన ట్రైమిథైలమైన్ అనే పదార్థానిది. బతికున్న చేప కండలో ఉండేది మాత్రం దానికి మూలమైన ట్రైమిథైలమైన్ ఆక్సైడ్. శాస్త్రవేత్తలు క్లుప్తంగా టీఎంఏఓ అంటారు. దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని విడగొట్టడంతో నీచు పుడుతుంది. పులుపు తగిలితే ఆ వాసన పదార్థం ఆవిరై లేవలేని లవణంగా మారుతుంది. చేపల పులుసుకు చింతపండు అంతగా కుదరడంలో రుచితో పాటు ఈ రసాయనశాస్త్రం కూడా ఉంది.

వంటింట్లో వదిలించుకోవాలని చూసే ఈ పదార్థమే, సముద్రంలో చేపలు ఎంత లోతు వరకు బతకగలవో నిర్ణయిస్తుందని ఒక బలమైన వాదం ఉంది. సముద్రపు అడుగు దాదాపు 11 కిలోమీటర్ల లోతు వరకు వెళ్తుంది. చేపలు మాత్రం ఎనిమిదిన్నర కిలోమీటర్లకు ముందే ఆగిపోతాయి. అంతకు కింద రొయ్యల్లాంటి ప్రాణులున్నాయి, సముద్ర దోసకాయలనే మెత్తని జీవులున్నాయి, పురుగులున్నాయి. చేప మాత్రం లేదు. ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే, ఆ గీతకు ఆనుకుని బతికే ఒక చిన్న చేపను దగ్గరగా చూడాలి.

దాని శాస్త్రీయ నామం సూడోలిపారిస్ స్వైరీ. వాడుకలో మరియానా స్నెయిల్‌ఫిష్. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కాబట్టి ఇక్కడ నత్తచేప అనుకుందాం. పసిఫిక్ మహాసముద్రంలో గువామ్ దీవికి దగ్గరగా, దాదాపు 2,500 కిలోమీటర్ల పొడవున నెలవంకలా వంగి ఉన్న మరియానా అగాధం దీని నివాసం. 2014లోనూ 2017లోనూ జరిగిన యాత్రల్లో ఎర పెట్టిన బోనులను దించి, 6,898 నుంచి 7,966 మీటర్ల మధ్య 37 చేపలను పట్టారు. వాటి ఆధారంగా మెకెంజీ గెరింజర్, ఆమె సహ పరిశోధకులు 2017లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు.

అగాధపు చేప అనగానే కోరలు, మండే కళ్లు, నెత్తిన దీపం ఊహలోకి వస్తాయి. అలాంటి చేపలు ఉన్న మాట నిజమే కానీ, వాటిలో ఎక్కువ భాగం ఇంతకంటే ఎన్నో వేల మీటర్ల పైన, నడిసముద్రంలో తిరుగుతాయి. అట్టడుగున దొరికే నత్తచేపకు పొలుసులు లేవు, కోరలు లేవు. అన్నిటికంటే పెద్దది కూడా జానకు కాస్త మించుతుంది, అంతే. లేత గులాబీ రంగు చర్మం ఎంత పలుచనంటే లోపలి కండ, కాలేయం పైకే కనిపిస్తాయి. నల్లని ఆవగింజల్లాంటి చిన్న కళ్లు. వెడల్పైన తల, వెనక్కి పోయేకొద్దీ సన్నబడే తోక. తోకకప్పను, అంటే తోక ఊడని కప్ప పిల్లను పెద్దది చేసి జెల్లీలో ముంచి తీసినట్టుంటుంది. ఈ కుటుంబంలో 400కు పైగా జాతులున్నాయి. వాటిలో కొన్ని తీరపు రాళ్ల మధ్య నీటి గుంటల్లోనే బతుకుతాయి. ఒకే వంశం ఒడ్డు నుంచి అగాధం దాకా విస్తరించడం చేపల్లో చాలా అరుదు.

దీన్ని బతికుండగా చూడటానికి శాస్త్రవేత్తలు వాడే పరికరం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. ఒక లోహపు చట్రం, దానికి కెమెరా, దీపాలు, నీటిలో తేలే బుడ్లు, అడుగుకు లాగే బరువులు. కెమెరా ముందు మాకెరల్, అంటే మన కానాగంతలకు బంధువైన చేపను ఎరగా కడతారు. ఓడ మీద నుంచి వదిలేస్తే తాడూ తీగా లేకుండా అది మునుగుతూ పోతుంది. అడుగు చేరడానికి దాదాపు నాలుగు గంటలు. పని పూర్తయ్యాక ఓడ నుంచి ధ్వని సంకేతం పంపితే బరువులు విడిపోయి చట్రం పైకి తేలుతుంది.

దీపం వెలిగాక కనిపించేది బూడిద రంగు మెత్తని బురద. కాసేపటికి యాంఫిపాడ్లు వస్తాయి. ఒళ్లు వంచుకుని ఈదే రొయ్యపిల్లల్లా ఉంటాయి అవి. ఒకటి, పది, ఆపై లెక్కపెట్టలేనన్ని. ఎర మీద ముసురుకుని చూస్తుండగానే కండ ఒలిచేస్తాయి. అప్పుడు వస్తుంది నత్తచేప. తొందర లేకుండా తోక ఆడిస్తూ నేలకు జానెడు ఎత్తున ఈదుతుంది. దానికి ఎర మీద ధ్యాస లేదు, ఎర చుట్టూ మూగిన యాంఫిపాడ్ల మీదే. దగ్గరికి రాగానే నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. గొంతులో మరో జత దవడలు ఉంటాయి, అవి ఆ గట్టి డొప్పలను నలగ్గొడతాయి. ఆ లోతులో దాన్ని వేటాడే పెద్ద చేప లేదు. అక్కడ అదే పెద్ద పులి.

ఈ బతుకులో కరువు లేదని గమనించాలి. అగాధం వీ ఆకారపు లోయ కాబట్టి పై నుంచి రాలే చచ్చిన జీవుల అవశేషాలు, భూకంపాలకు వాలుల మీది నుంచి జారే బురద అన్నీ గరాటులో పోసినట్టు కిందికి చేరతాయి. వాటిని తినే యాంఫిపాడ్లు అక్కడ కుప్పలుతెప్పలు. ఆరు వేల మీటర్ల దగ్గర తిరిగే ఇతర వేటాడే చేపలు ఇంత కిందికి రావు. తిండి పుష్కలం, పోటీ లేదు, ప్రాణభయం తక్కువ. నత్తచేప కిందికి దిగి వచ్చింది ఓడిపోయి కాదు. ఇతరులు అడుగు పెట్టలేని చోట బాగుపడింది.

మరి ఒత్తిడి సంగతి? ప్రతి పది మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఎనిమిది వేల మీటర్ల దగ్గర 800 రెట్లు. బొటనవేలి గోరంత చోటు మీద దాదాపు 800 కిలోల బరువు. భారతదేశం సముద్రయాన్ పథకం కింద ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు పంపడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థలో మత్స్య 6000ను రూపొందిస్తోంది. అందులో మనుషులు కూర్చునే గోళానికి 80 మిల్లీమీటర్ల మందం టైటానియం కవచం అవసరమవుతోంది. ఇంకో రెండు కిలోమీటర్ల కింద ఈ చేప, వేలితో నొక్కితే సొట్టపడే ఒంటితో తిరుగుతుంది.

ఇందులో వింత లేదు. గోళానికి కవచం కావలసింది లోపల గాలి ఉన్నందుకే. గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది. నీరు అలా కాదు, ఎనిమిది కిలోమీటర్ల లోతులో కూడా నూటికి మూడు నాలుగు వంతులే తగ్గుతుంది. చాలా చేపల కడుపులో తేలడానికి గాలితిత్తి ఉంటుంది. నత్తచేపకు అది లేదు. ఒంట్లో గాలి గది అంటూ లేనప్పుడు లోపలి నీరు, బయటి నీరు ఒకదాన్నొకటి సమానంగా నొక్కుకుంటాయి. చేప నలిగిపోదు. అగాధపు జీవుల గురించి రాసేవారు ఏనుగుల బరువులతో పోల్చి భయపెడుతుంటారు గానీ, ఆ పోలిక అసలు సమస్యను కప్పేస్తుంది.

గాలితిత్తి లేకపోతే మునిగిపోకుండా ఉండటం ఎలా? చర్మం కింద ఉన్న నీళ్ల జెల్లీ పొర అందుకు సాయపడుతుంది. కండ పెంచడానికి తిండి, శక్తి కావాలి. దాదాపు నీరే అయిన జెల్లీకి ఆ ఖర్చు లేదు, పైగా ఒంటికి ఈతకు అనువైన ఆకారం ఇస్తుంది. ఎముకల విషయంలోనూ ఇదే పొదుపు. చైనా శాస్త్రవేత్తలు 2019లో దీని జన్యుపటాన్ని ప్రచురించారు. ఎముకల్లో సున్నం కుదురుకోవడంలో పాత్ర ఉన్న ఒక జన్యువు ఈ చేపలో చెడిపోయింది. అందుకే అస్థిపంజరం చాలావరకు మృదులాస్థిలా మెత్తగా ఉంటుంది. పుర్రె కూడా పూర్తిగా మూసుకోదు. వెలుగును పసిగట్టే జన్యువులు కొన్ని పోయాయి. సూర్యుడు ఎన్నడూ చేరని చోట వాటిని మోసుకు తిరగడం దేనికి? తీరానికి దగ్గరలో బతికే బంధువు నుంచి ఈ వంశం విడిపోయి దాదాపు రెండు కోట్ల ఏళ్లయిందని ఆ పరిశోధన లెక్కగట్టింది.

ఈ మెత్తదనం ఆ చలికీ ఆ ఒత్తిడికీ కుదిరినదే గాని మరొక చోట పనికిరాదు. 2018లో దక్షిణ అమెరికా పశ్చిమ తీరాన అటకామా అగాధంలో మరికొన్ని నత్తచేప జాతులను కనుగొన్నారు. పైకి తెచ్చాక అవి ఎంత త్వరగా కరిగిపోతాయో ఆ బృందం ప్రత్యేకంగా చెప్పింది. పళ్లెంలో పెట్టిన ఐసుగడ్డను కాపాడుకున్నట్టు కాపాడుకోవాలి.

అసలు దెబ్బ ఒంటికి కాదు, ఒంట్లోని ప్రొటీన్లకు తగులుతుంది. ప్రొటీన్ అంటే ఒక నిర్దిష్టమైన ముడిలో చుట్టుకున్న దారం వంటిది. ఆ ముడి సరిగ్గా ఉంటేనే జీర్ణం, శ్వాస, నరాల కదలిక ఏదైనా జరుగుతుంది. ఒత్తిడి పెరిగితే నీటి అణువులు ఆ ముడిలోకి చొరబడతాయి, ఆకారం చెదురుతుంది. ఎంజైము పనిచేయాలంటే కొంచెం విచ్చుకోవాలి, ఆ విచ్చుకోవడానికి ఒత్తిడి చోటివ్వదు. టీఎంఏఓ పని ఇక్కడే. అది తన చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టి ఉంచుతుంది. ఫలితంగా ప్రొటీన్ తన ముడిలో తాను కుదురుగా ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ చేపల కండలో టీఎంఏఓ కూడా పెరుగుతుందని ఎన్నో జాతులను కొలిచి చూశారు.

అయితే ఈ రక్షణకు ఒక వెల ఉంది. కోసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరడం ఇంటింటా తెలిసినదే. నీరు ఎప్పుడూ పలుచని వైపు నుంచి చిక్కని వైపు పోతుంది. సముద్రంలో ఎముకలున్న చేప పరిస్థితి ఉప్పులో పడిన మామిడి ముక్కదే. నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే మిల్లీ ఆస్మోల్ లెక్కన సముద్రపు నీటి గాఢత దాదాపు 1,100 అయితే, పై నీళ్లలో తిరిగే చేప రక్తానిది 350 ప్రాంతం. ఒంట్లో నీరు నిరంతరం బయటికి పోతుంటుంది. అందుకే అవి సముద్రపు నీటిని తాగుతూ, ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెడుతూ బతుకుతాయి.

లోతుకు దిగేకొద్దీ టీఎంఏఓ చేరి చేప ఒంటి గాఢత పెరుగుతుంది. పాల్ యాన్సీ బృందం న్యూజీలాండ్ ఉత్తరాన ఉన్న కెర్మడెక్ అగాధంలో 7,000 మీటర్ల నుంచి పట్టిన ఐదు నత్తచేపలను పరీక్షించింది. గాఢత 991. సముద్రానికి చేపకు మధ్య తేడా దాదాపు తీరిపోయిందన్నమాట. ఆ లెక్కనే ముందుకు గీస్తే 8,200 మీటర్ల ప్రాంతంలో రెండూ సమానమవుతాయి. అంతకంటే కిందికి దిగాలంటే ఒళ్లు సముద్రం కంటే చిక్కనవుతుంది. నీరు బయటికి పోవడం మాని లోపలికి ఊరడం మొదలవుతుంది. కోట్ల ఏళ్లుగా నీరు తాగి ఉప్పు నెట్టడానికి అలవాటుపడిన మొప్పలు, మూత్రపిండాలు తలకిందులుగా పనిచేయాలి. 2014లో ప్రచురించిన ఆ పరిశోధన చెప్పింది ఇదే: చేపలు 8,200 మీటర్లకు కాస్త అటూ ఇటూ ఆగిపోతాయి.

ఐదు చేపలను కొలిచి మహాసముద్రానికంతటికీ గీత గీయడం సాహసమే. కానీ ఆ గీత తర్వాతి ఏళ్లలో ఎదురైన పరీక్షలకు నిలబడిన తీరు చూస్తే ఆ పని మీద గౌరవం పెరుగుతుంది. 2017లో జపాన్ పరిశోధకులు మరియానా నత్తచేపను 8,178 మీటర్ల దగ్గర చిత్రీకరించారు. 2022లో వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం, టోక్యో సముద్రశాస్త్ర విశ్వవిద్యాలయం కలిసి చేసిన యాత్రలో, జపాన్‌కు దక్షిణాన ఇజు ఒగసవర అగాధంలో ఒక నత్తచేప పిల్ల 8,336 మీటర్ల దగ్గర కెమెరా ముందుకు వచ్చింది. అలెన్ జేమీసన్ నడిపిన ఆ బృందం అక్కడికే ఎందుకు వెళ్లిందంటే, ఆ అగాధంలో నీరు మరియానా కంటే ఒక పిసరు వెచ్చన. ఆ కొద్దిపాటి వెచ్చదనమే చేపలకు మరో వంద రెండు వందల మీటర్ల వెసులుబాటు ఇస్తుందని వారి అంచనా. కనిపించింది పెద్ద చేప కాక పిల్ల కావడం కూడా ఆలోచింపజేస్తుంది. పైన ఉండే వేటగాళ్లకు దూరంగా, వీలైనంత అడుగున పిల్లలు తలదాచుకుంటాయని జేమీసన్ వివరణ.

ఈ గీతకు విరుద్ధంగా రెండు పాత సాక్ష్యాలు ఉన్నాయి. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియెస్ట్ అనే నీట మునిగే నౌకలో, మరియానా అగాధంలో అన్నిటికంటే లోతైన చోటైన ఛాలెంజర్ డీప్ అడుగుకు చేరి, కిటికీలోంచి ఒక బల్లపరుపు చేపను చూశామన్నారు. ఆ మాట దశాబ్దాల పాటు పుస్తకాలకెక్కింది. అడుగు తాకగానే లేచిన బురద నీటిని కమ్మేసింది, ఫొటో లేదు. ఆ తరువాత అక్కడికి వెళ్లిన ఏ కెమెరాకూ చేప కనబడలేదు. వారు చూసింది సముద్ర దోసకాయ అయి ఉంటుందన్నదే నేడు ఎక్కువ మంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇద్దరూ ధైర్యవంతులు, అబద్ధమాడవలసిన అవసరం వారికి లేదు. ఇరవై నిమిషాల చూపు పొరబడటం మాత్రం సహజం. రెండో సాక్ష్యం 1970 నాటిది. అట్లాంటిక్‌లోని ప్యూర్టోరికో అగాధంలో 8,370 మీటర్ల లోతుకు ఈడ్చిన వలలో ఒక కస్క్ ఈల్ జాతి చేప దొరికింది. ఆ వలకు మూత లేదు. పైకి లాగుతున్నప్పుడు మధ్యలో ఎక్కడైనా పడి ఉండవచ్చు. కెమెరా చూసిన దానికీ వలలో దొరికిన దానికీ మధ్య ఈ తేడా చిన్నది కాదు.

ఈ చేప పేరులో ఉన్న స్వైర్ కథ కూడా ఇక్కడే చెప్పాలి. హెర్బర్ట్ స్వైర్ బ్రిటిష్ నౌక ఛాలెంజర్‌లో దారి లెక్కలు చూసే యువ అధికారి. 1875 మార్చి 23న ఆ నౌక మరియానా అగాధం మీద ఆగి బరువు కట్టిన తాడును నీళ్లలోకి వదిలింది. అడుగు తగిలింది 4,475 బారల దగ్గర. మీటర్లలో చెబితే 8,184. అగాధాన్ని మనిషి తొలిసారి కొలిచిన ఆ అంకె, అదే అగాధంలో స్వైర్ పేరు మోసే చేప కెమెరాకు చిక్కిన 8,178 మీటర్లకు ఆరు మీటర్ల దూరంలో ఉంది. కాకతాళీయమే, అయినా ముచ్చటేస్తుంది.

టీఎంఏఓ వాదానికి ఇటీవల గట్టి సవాలు ఎదురైంది. 2025లో సెల్ పత్రికలో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన వేర్వేరు లోతుల చేపలను పోల్చి చూసింది. ఆరు వేల మీటర్లకు దిగువ చేపల కండలో టీఎంఏఓ అనుకున్నట్టుగా పెరుగుతూ పోలేదని తేల్చింది. దానికి బదులు, మూడు వేల మీటర్లకు దిగువన బతికే చేపల్లో చాలావాటిలో ఆర్‌టీఎఫ్1 అనే జన్యువులో ఒకే రకమైన మార్పు కనిపించింది. ఒకదానితో ఒకటి దగ్గర చుట్టరికం లేని వంశాల్లో అదే మార్పు విడివిడిగా రావడం తీసిపారేయదగ్గ విషయం కాదు. జన్యువుల్లోని సమాచారాన్ని కణం చదివే పనిలో ఈ జన్యువుకు పాత్ర ఉంది. అంటే ఒత్తిడిని తట్టుకునే ఉపాయం ఒక్క పదార్థంలో కాక, కణం నడిచే పద్ధతిలోనే దాగి ఉండవచ్చు.

అదే పరిశోధన నత్తచేప ఒంట్లో పీసీబీలను కూడా గుర్తించింది. ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడి, ప్రమాదమని తెలిశాక దశాబ్దాల కిందటే చాలా దేశాలు నిషేధించిన రసాయనాలు ఇవి. ఇది ఊహించనిది కాదు, కానీ మనసును కలచివేస్తుంది. 2017లోనే జేమీసన్ బృందం మరియానా యాంఫిపాడ్లలో వీటిని కొలిచింది. చైనాలో బాగా కలుషితమైన లియావో నది నీరు పారే వరిచేలలోని పీతల కంటే యాభై రెట్లు ఎక్కువ తేలాయి. వరిచేలో పీత అంటే ఏమిటో తెలిసిన వారికి ఈ పోలిక తీవ్రత వేరే చెప్పనక్కర్లేదు. పీసీబీలు కొవ్వులో చేరి విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయి. యాంఫిపాడ్లను తిని బతికే చేప వాటితో పాటు ఆ విషాన్నీ మింగుతుంది.

గీత ఉన్నదన్న విషయంలో నేడు పెద్ద వివాదం లేదు. వందల సార్లు దించిన కెమెరాలు ఎనిమిదిన్నర వేల మీటర్లకు కింద ఒక్క చేపనూ చూపలేదు. ఆ గీతను గీసింది ఏమిటన్నదే తేలాలి: ఒంటి నీటి లెక్కా, కణం నడకా, రెండూ కలిసా? యాన్సీ బృందం కొలిచిన చేపలు 7,000 మీటర్లవి. 2022 యాత్రలో జపాన్ అగాధం నుంచి రెండు చేపలను 8,022 మీటర్ల దగ్గర పట్టారు. 8,336 మీటర్ల దగ్గరి పిల్లను కెమెరా చూసిందే గాని బోను పట్టలేదు. అంత లోతు నుంచి ఒక చేపను కరిగిపోకుండా పైకి తెచ్చి, దాని కండలో టీఎంఏఓ ఎంతుందో, ఒంటి గాఢత 1,100కు ఎంత దగ్గరగా ఉందో కొలిస్తే, 2014 నాటి లెక్కకు అసలైన పరీక్ష జరుగుతుంది.